విశాఖ ఉప్పుగాలిలో పాత మోటారు బోటుకు మరమ్మతు, రంగు: విప్పడం నుంచి నీళ్ళలోకి దించడం దాకా

విశాఖలో బోటు రంగు పెచ్చులుగా లేచిందంటే తప్పు డబ్బాలోని రంగుది కావడం అరుదు. రంగు కింద మిగిలిన ఉప్పు, ఫైబర్ లోపల నిలిచిన నీరు, ఎప్పుడో పాలిష్‌తో పాటు అంటిన మైనం, ఈ మూడింటిలో ఏదో ఒకటి కారణమవుతుంది. అందుకే మూడు నెలలు దాటే ఈ పనిలో రంగు పూసేది మహా అయితే ఆరేడు రోజులు. మిగతా కాలమంతా విప్పడం, ఎండబెట్టడం, రుద్దడం, కడగడమే. ఆ భాగాన్ని తొందరగా ముగిస్తే ఎంత ఖరీదైన రంగు వేసినా రెండో వానాకాలానికే బొబ్బలు వస్తాయి.

ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నది 18 అడుగుల (5.5 మీటర్ల) ఫైబర్ బోటు. వెనక 40 నుంచి 60 హార్స్‌పవర్ అవుట్‌బోర్డ్ ఇంజిన్, నిలిపేది ట్రైలర్ మీద. బోటు పెద్దదైతే కొలతలు మారతాయి, పని క్రమం మారదు.

కాలం, చోటు

ఈశాన్య రుతుపవన వానలు తగ్గాక, డిసెంబరులో విప్పడం మొదలుపెట్టండి. జనవరిలో ఫైబర్ మరమ్మతు, ఫిబ్రవరి నుంచి మార్చి సగం దాకా రంగు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో వేట నిషేధం. చేపల బోట్ల మరమ్మతులన్నీ ఆ 61 రోజుల్లోనే జరుగుతాయి కాబట్టి ఫైబర్ పని తెలిసిన మేస్త్రీ మీ ఒక్క బోటు కోసం దొరకడం కష్టం. పైగా అప్పటికి ఉక్కపోత పెరిగి రెజిన్ (ఫైబర్ గుడ్డను తడిపి గట్టిపరిచే జిగురు ద్రవం) చేతిలోనే గట్టిపడుతుంది.

చోటు విషయంలో రెండు జాగ్రత్తలు. బీచ్ రోడ్డుకు ఆనుకుని ఉన్న స్థలంలో గాలి ఉప్పును మోసుకొస్తుంది. పోర్టు వైపు, పాతనగరం దగ్గర బొగ్గు పొడి, ఇనుప ఖనిజం దుమ్ము తడి రంగు మీద వాలతాయి. వీలైతే ఊరి లోపలి వైపు, మూడు పక్కలా గోడలున్న షెడ్డు చూసుకోండి. అది దొరకకపోతే సరివి గుంజలకు టార్పాలిన్ కప్పు, చుట్టూ కింది దాకా పరదాలు కట్టండి. రంగు వేసే రోజు నేల మీద నీళ్ళు చల్లి దుమ్ము అణచండి, కానీ బోటు కింద మడుగు కట్టనివ్వకండి.

బోటు బరువంతా కీల్ (అడుగు మధ్యలో పొడవునా ఉండే వెన్ను) కిందే నిలవాలి. కాంక్రీటు దిమ్మెలు, వాటిపై మెత్తటి చెక్క, దానిపై పాత కార్పెట్ ముక్క పెట్టి 60 సెంటీమీటర్ల ఎత్తుకు లేపండి. పక్క ఊతాలు బోటు ఒరగకుండా ఆపడానికే. బరువు వాటి మీద పడితే పొట్ట లోపలికి నొక్కుకుపోతుంది, ఆ వంపు మీదే రంగు ఆరుతుంది.

పరీక్ష

ప్లాస్టిక్ సుత్తితో గానీ పెద్ద నాణెంతో గానీ అడుగంతా, వెనక పలకంతా తట్టుకుంటూ వెళ్ళండి. గట్టి చోట ఖణేల్‌మంటుంది. పొరలు విడిపోయిన చోట, చెక్క కుళ్ళిన చోట మొద్దుగా మోగుతుంది. అలాంటి ప్రతి చోటా సుద్దతో గీత గీయండి.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది ట్రాన్సమ్, అంటే ఇంజిన్ తగిలించే వెనక పలక. పాత బోట్లలో దాని లోపల ప్లైవుడ్ ఉంటుంది. ఇంజిన్ బోల్టుల కన్నాల్లోంచి ఏళ్ళ తరబడి నీరు దిగి ఆ ప్లైవుడ్ పులిసిపోతుంది. ఇంజిన్ కాలిని (నీటిలోకి దిగే కింది భాగాన్ని) పట్టుకుని గట్టిగా పైకీ కిందికీ ఊపితే పలక కదిలినట్టు కనిపించిందా, లోపల చెక్క పోయినట్టే. సందేహంగా ఉంటే బోటు లోపలి వైపు నుంచి, పలక అడుగుకు దగ్గరగా, 6 మిల్లీమీటర్ల డ్రిల్‌తో మూడు నాలుగు కన్నాలు వేయండి. పొట్టు పొడిగా, లేతరంగులో వస్తే బాగున్నట్టు. నల్లగా, తడిగా, ముక్కిపోయిన వాసనతో వస్తే మార్చక తప్పదు. ఈ పరీక్ష బోటు కొనకముందే చేయనిమ్మని అడగండి. ట్రాన్సమ్ కుళ్ళిన బోటు ధర వేరు, బాగున్న బోటు ధర వేరు.

అడుగున తేమ తెలుసుకోవడానికి 30 సెంటీమీటర్ల చదరపు పారదర్శక పాలిథిన్ ముక్కను నాలుగంచులా టేపుతో అంటించి 24 గంటలు వదలండి. లోపలి వైపు నీటి చుక్కలు కడితే ఫైబర్ ఇంకా ఆరలేదు. చుక్కలు కట్టని రోజు దాకా పూత జోలికి వెళ్ళకండి.

విప్పడం

అవుట్‌బోర్డ్ 70 నుంచి 110 కిలోల దాకా బరువుంటుంది. చైన్ కప్పీతోనే దించాలి, చేతుల మీద దించే ప్రయత్నం వద్దు. బ్యాటరీ, పెట్రోలు ట్యాంకు, వైర్లు, రెయిలింగులు, కొక్కేలు, దీపాలు, రబ్బరు అంచు, అన్నీ తీసేయండి. టేపు చుట్టి చుట్టూ రంగు వేస్తే ఆ టేపు అంచునే రెండేళ్ళలో పెచ్చు మొదలవుతుంది. ప్రతి వస్తువుకూ ఫోటో, ప్రతి మరల గుంపుకూ విడి డబ్బా, పైన పేరు రాసిన చీటీ.

పాత సిలికాన్ సీలెంట్ కనిపిస్తే బ్లేడుతో మొత్తం గీకేయండి. రుద్దేటప్పుడు సిలికాన్ చుట్టుపక్కలకు పాకుతుంది, రంగు అక్కడ చేపకళ్ళలా గుంటలు పడుతుంది. తిరిగి బిగించేటప్పుడు కూడా సిలికాన్ వాడొద్దు, మెరైన్ పాలియురెథేన్ సీలెంటే వాడాలి.

ట్రాన్సమ్ మార్చడం

కోయడానికి ముందు పలక వాలును అట్టముక్క మీద గీసుకుని కత్తిరించి దాచండి. ఆ వాలు చాలా బోట్లలో 12 నుంచి 14 డిగ్రీలు. అది తేడా వస్తే ఇంజిన్ తోసే కోణం మారిపోయి బోటు ముక్కు ఎగురుతుంది, లేదా నీటిలోకి దిగబడుతుంది. పలక ఎత్తు కూడా రాసుకోండి. పొట్టి షాఫ్ట్ ఇంజిన్‌కు 15 అంగుళాలు, పొడుగు షాఫ్ట్‌కు 20 అంగుళాలు.

లోపలి వైపు అంచు చుట్టూ 5 సెంటీమీటర్లు వదిలి, లోపలి ఫైబర్ పొరను గ్రైండర్‌తో కోసి తీయండి. కుళ్ళిన చెక్కను ఉలితో తవ్వేయండి. బయటి పొర తగలకూడదు. చెక్క అంతా పోయాక 40 నంబరు డిస్క్‌తో లోపలి ముఖాన్ని రుద్ది, మంచినీటితో కడిగి, కనీసం వారం ఆరనివ్వండి.

కొత్త పలకకు ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్, 19 మిల్లీమీటర్లవి రెండు. కలిపి 38 మిల్లీమీటర్లు. అంచులో పొరల మధ్య ఖాళీలు కనిపించే షీటు వద్దు, ఆ ఖాళీలే రేపు నీటికాలువలు. ముక్కలు కోసి సరిచూసుకున్నాక రెండు ముఖాలకూ, నాలుగంచులకూ పలుచటి ఎపాక్సీ (హార్డ్‌నర్ కలిపితే గట్టిపడే ఒక రకం రెజిన్) పట్టించండి. అంచులు దాహంగా తాగుతాయి, తాగడం మానేదాకా పూస్తూ ఉండండి.

ఈ పనికి మామూలు పాలియెస్టర్ రెజిన్ కన్నా ఎపాక్సీనే ఎంచుకోండి. చెక్కకు పాలియెస్టర్ పట్టు తక్కువ. పాత పాలియెస్టర్ మీద ఎపాక్సీ బాగా పట్టుకుంటుంది, ఎపాక్సీ మీద పాలియెస్టర్ సరిగా పట్టదు. మొదట ఏది వాడారో చివరిదాకా గుర్తుంచుకోవాలి. పీచు మ్యాట్‌ను అంటించి ఉంచే జిగురు పాలియెస్టర్‌లోని స్టైరీన్‌కు కరుగుతుంది, ఎపాక్సీకి కరగదు. కాబట్టి ఎపాక్సీతో మ్యాట్ వాడకుండా, చదరపు మీటరుకు 600 గ్రాముల రోవింగ్ (నేసిన గాజు పీచు గుడ్డ) గానీ బయాక్సియల్ (రెండు దిక్కుల పోగులు కుట్టిన) గుడ్డ గానీ తీసుకోండి.

ఒక చదరపు మీటరు పలకకు లెక్క ఇది. మూడు పొరల గుడ్డ, ప్రతి పొరా పక్కలకూ అడుగుకూ 15 సెంటీమీటర్లు మడత పడాలి. మొత్తం నాలుగుంబావు చదరపు మీటర్లు, అంటే రెండున్నర కిలోల గుడ్డ, దాదాపు అంతే ఎపాక్సీ. చెక్క అతికించడానికి, అంచులకు, మూలల్లో గుండ్రటి పూడికకు మరో నాలుగున్నర కిలోలు. 8 కిలోల సెట్టు కొంటే సరిపోతుంది. అతికించే ముద్దను సిలికా పొడి కలిపి వేరుశెనగ ముద్దంత చిక్కగా చేసుకోవాలి. పలకను బయట ఒక చెక్క, లోపల ఒక చెక్క పెట్టి బోల్టులతో నొక్కండి. ముద్ద అంచుల్లోంచి సన్నగా ఉబికితే చాలు, మరీ బిగిస్తే మధ్యలో ఏమీ మిగలదు. బోల్టులకు పాలిథిన్ చుట్టకపోతే అవి అక్కడే ఉండిపోతాయి.

నెమ్మదిగా గట్టిపడే హార్డ్‌నర్ అడిగి తీసుకోండి. మన ఎండకు 300 గ్రాములకు మించి ఒకేసారి కలపొద్దు. లోతు డబ్బాలో ఉంచితే పది పదిహేను నిమిషాల్లో పొగలు కక్కుతుంది, కలిపిన వెంటనే వెడల్పు పళ్ళెంలోకి ఒంపితే కాస్త ఎక్కువసేపు ఆగుతుంది. ఇంజిన్ తగిలించడానికి కనీసం వారం ఆగండి.

ఇంజిన్ బోల్టు కన్నాలు నేరుగా చెక్కలోకి వేయకండి. 12 మిల్లీమీటర్ల బోల్టుకు ముందు 18 మిల్లీమీటర్ల కన్నం వేసి, చిక్కటి ఎపాక్సీతో పూడ్చి, గట్టిపడ్డాక మధ్యలో 12.5తో మళ్ళీ వేయండి. నీరు దిగినా చెక్కను తాకదు. పాత ట్రాన్సమ్ కుళ్ళింది ఈ ఒక్క పని చేయకే.

నేల, నురగ

నేల మెత్తగా దిగితే పలక కోసి చూడండి. కింద తేలడానికి పోసిన నురగ స్పంజిలా నీరు పట్టి ఉంటే మొత్తం తీసేయాల్సిందే. ఒక ఘనపుటడుగు నీరు 28 కిలోలు, పాత బోటు వేగం తగ్గడానికి చాలాసార్లు ఇదే కారణం. అడుగు దూలాలు కూడా అదే అదనుగా తట్టి చూసి, కుళ్ళితే మార్చండి. కొత్త నురగ నీరు పీల్చని, మూసిన గదుల (క్లోజ్డ్ సెల్) రకమై ఉండాలి. నీరు వెనక్కి పారే దారిని మాత్రం పూడ్చకండి.

పగుళ్ళు, బొబ్బలు

సాలెగూడులాంటి సన్నని పగుళ్ళు జెల్‌కోటులోనివైతే (ఫైబర్ పైనుండే మెరిసే పొర) వీ ఆకారంలో తెరిచి ఎపాక్సీ నింపితే చాలు. పగులు ఫైబర్ దాకా వెళ్ళినప్పుడు ఏటవాలుగా రుద్ది పొరలు వేయాలి. వాలు మందానికి 12 రెట్లు. 6 మిల్లీమీటర్ల అడుగులో కన్నం పడితే చుట్టూ 72 మిల్లీమీటర్ల వాలు ఉండాలన్నమాట. నిటారు అంచు మీద ముక్క అతికిస్తే అలల దెబ్బకు మూతలా ఊడుతుంది.

నీటి గీత (బోటు నీటిలో మునిగే హద్దు) కింద బొబ్బలు పగలగొడితే వెనిగర్ వాసన వేసే ద్రవం కారుతుంది. కళ్ళద్దాలు పెట్టుకునే పగలగొట్టండి. ప్రతి బొబ్బనూ గట్టి ఫైబర్ తగిలేదాకా తవ్వి, రోజూ మంచినీటితో కడుగుతూ రెండు మూడు వారాలు ఎండబెట్టి, అప్పుడు ఎపాక్సీతో పూడ్చాలి. కారు పెయింటర్లు వాడే పుట్టీ పైన మెరుస్తుంది, నీటి గీత కింద తేమ పీల్చి ఉబ్బుతుంది. అక్కడ దాన్ని వాడనే వద్దు.

చిన్న పనులకు పాలియెస్టరే వాడేవారికి ఒక హెచ్చరిక. కోబాల్ట్ (గట్టిపడటాన్ని వేగిరపరిచే ద్రవం), హార్డ్‌నర్ (ఎంఈకేపీ) ఈ రెండూ నేరుగా కలిస్తే పేలుడులా మండుతాయి. ముందు కోబాల్ట్‌ను రెజిన్‌లో పూర్తిగా కలిపేయాలి, ఆ తర్వాతే హార్డ్‌నర్. రెండింటికీ ఒకే కొలగిన్నె, ఒకే చెంచా వాడొద్దు. హార్డ్‌నర్ సాధారణంగా రెజిన్‌లో ఒకటి నుంచి రెండు శాతం, మన వేడికి ఒకటికి దగ్గరగా ఉంచండి. మిగిలిన రెజిన్ డబ్బాను మూల పడేయకుండా ఆరుబయట ఇసుకలో పెట్టండి. 2023 నవంబరు 19 రాత్రి ఫిషింగ్ హార్బర్‌లో పదుల సంఖ్యలో బోట్లు కాలిపోయాయి. ఫైబర్, థిన్నర్, పెట్రోలు పక్కపక్కనే ఉన్న చోట నిప్పు ఎంత వేగంగా పాకుతుందో మన ఊరికి వేరే చెప్పనక్కర్లేదు. పొడి రసాయన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఒకటి చేతికందే దూరంలో ఉండాలి.

కడగడం, తర్వాతే రుద్దడం

ఈ వరుస తప్పితే పనంతా వృథా. మైనం ఉన్న జెల్‌కోటును ముందే రుద్దితే మైనం గీతల్లోకి నూరుకుపోతుంది. ముందు సబ్బునీరు, తర్వాత మంచినీరు, ఆరాక మైనం తీసే ద్రావకం. ఒక చేతిలో ద్రావకంతో తడిపిన గుడ్డ, రెండో చేతిలో పొడి గుడ్డ. తడి ఆరేలోపే పొడి గుడ్డతో ఎత్తేయాలి. అరగజం చోటుకో గుడ్డ మడత మార్చాలి. చివరగా నీళ్ళు చల్లి చూడండి. నీరు పలుచటి తెరలా పరుచుకుంటే శుభ్రమైంది. ముత్యాల్లా విడిపోతే మైనం ఇంకా ఉంది.

తీరం దగ్గరి బోరునీరు ఉప్పగా ఉండే చోట్లు చాలా ఉన్నాయి. చివరి కడుగుడు కుళాయి నీటితోనే చేయండి. రాత్రంతా షెడ్డులో ఉన్న బోటు మీద కూడా ఉప్పు తెర పడుతుంది కాబట్టి ప్రతి పూతకు ముందు ఉదయం మంచినీటి గుడ్డతో తుడవడం తప్పనిసరి. ఎపాక్సీ తేమలో ఆరినప్పుడు పైన జిడ్డు పొర కడుతుంది, అది నీటికే పోతుంది. స్క్రబ్బర్‌తో కడిగాకే ఎమరీ పట్టండి.

పాత అడుగు రంగును ఎప్పుడూ తడి కాగితంతోనే రుద్దాలి. నాచు, గుల్లలు పట్టకుండా వేసే ఆ రంగులో రాగి, ఇతర విషాలు ఉంటాయి. ఆ బురదను ఇసుకలోకి వదలకుండా టార్పాలిన్ మీద పట్టి మూట కట్టండి. జెల్‌కోటుకు 80 నంబరు కాగితం, పూడికల మీద 120, ప్రైమర్ మీద 220, చివరి రంగుకు ముందు 320. వంపుల మీద చేతివేళ్ళతో కాకుండా పొడవాటి బద్దకు కాగితం చుట్టి రుద్దండి. కంటికి కనిపించని ఎత్తుపల్లాలు మెరిసే రంగు పడగానే బయటపడతాయి.

ఎంత రంగు కావాలి

పక్కల వైశాల్యానికి పొడవు, వెడల్పు కలిపి, రెండింతలు చేసి, నీటి పైనున్న ఎత్తుతో గుణించాలి: (5.5 + 2) × 2 × 0.7 = 10.5 చదరపు మీటర్లు. అడుగుకు నీటి గీత పొడవును వెడల్పు, మునక కలిపిన మొత్తంతో గుణించాలి: 4.9 × (2 + 0.3) = సుమారు 11.3. పక్కలకు రెండు పూతల ఎపాక్సీ ప్రైమర్ మూడు లీటర్లు, మూడు పూతల పాలియురెథేన్ రంగు నాలుగు లీటర్లు, వృథాతో సహా. ఇది బేస్, హార్డ్‌నర్ కలిపిన లెక్క.

బోటు ట్రైలర్ మీదే ఉండి, ఒకటి రెండు రోజులకు మించి నీటిలో ఉండదనుకుంటే అడుగుకు కూడా అదే ప్రైమర్, అదే పాలియురెథేన్ చాలు. గుల్లలు పట్టకుండా వేసే రంగు (గుల్లల రంగు) ఖర్చు, విషం రెండూ తప్పుతాయి. సొంత బోటుకు మా సలహా ఇదే. నెలల తరబడి నీటిలోనే ఉంచేదైతే ఎపాక్సీ అడ్డుపొర ఐదు పూతలు, ఆరాక 250 మైక్రాన్ల మందం, సుమారు ఎనిమిది లీటర్లు. దాని మీద గుల్లల రంగు రెండు పూతలు, మూడు లీటర్లు. చివరి ఎపాక్సీ పూత మీద బొటనవేలు నొక్కితే ముద్ర పడి, రంగు వేలికి అంటని దశలోనే గుల్లల రంగు మొదటి పూత పడాలి. పూర్తిగా గట్టిపడితే మళ్ళీ రుద్దాల్సిందే.

నీటి గీతను కంటి అంచనాతో గీయొద్దు. తాపీ మేస్త్రీ వాడే నీళ్ళ ట్యూబుతో చుట్టూ గుర్తులు పెట్టి టేపు వేయండి. గుల్లల రంగు ఆ గీతకు 5 సెంటీమీటర్లు పైదాకా వెళ్ళాలి.

ముదురు నీలం, నలుపు అందంగానే ఉంటాయి, మే నెల ఎండలో చెయ్యి పెట్టలేనంత కాలుతాయి. ఆ వేడికి లోపలి గుడ్డ నేత పైకి అచ్చుపడుతుంది. తెలుపు, మీగడ, లేత బూడిద రంగులు మన తీరానికి సరిపోతాయి.

రంగు వేసే రోజు

తేమ, ఉష్ణోగ్రత చూపే చిన్న మీటరు ఒకటి, బోటు ఒంటి వేడి చూసే థర్మామీటరు ఒకటి కొనండి. నియమం ఒక్కటే: బోటు ఒళ్ళు మంచుబిందు ఉష్ణోగ్రత (గాలిలోని తేమ నీటి చుక్కలుగా మారే వేడి) కన్నా కనీసం 3 డిగ్రీలు వేడిగా ఉండాలి. గాలి 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉంటే మంచుబిందువు దాదాపు 26. ఒళ్ళు 29 దాటితేనే పూత. తేమ 85 దాటితే ఆ రోజు రుద్దుకుంటూ కూర్చోవడమే మంచిది. ఫిబ్రవరిలో పొద్దున్న బోటు మీద మంచు ఉంటుంది, మధ్యాహ్నానికి సముద్రపు గాలి లేస్తుంది. ఎనిమిదిన్నర నుంచి పదకొండు మధ్య నీడలో దొరికే రెండున్నర గంటలే మీ పని వేళ. సాయంత్రం వేసిన పూత మీద రాత్రి మంచు పడి తెల్లారేసరికి పాలవిరుగుడులా మసకబారుతుంది.

ప్రైమర్, రంగు రెండూ డబ్బా మీద రాసిన పాళ్ళలోనే, కొలగిన్నెతోనే. హార్డ్‌నర్ ఎక్కువేస్తే త్వరగా ఆరుతుందన్నది అపోహ, పెళుసవుతుంది. ఎపాక్సీ ప్రైమర్ కలిపాక డబ్బా మీద చెప్పినంత సేపు, సాధారణంగా పావుగంట, నానబెట్టండి. తర్వాతి పూతకు గడువు కూడా దాని మీదే ఉంటుంది. ఆ గడువు దాటితే 220తో రుద్దకుండా పైపూత వేయకూడదు.

పాలియురెథేన్‌ను స్ప్రే చేయకండి. అందులోని ఐసోసైనేట్ ఊపిరితిత్తుల్లోకి వెళితే జీవితాంతం ఉండే ఆస్తమా రావచ్చు, మామూలు మాస్కు దాన్ని ఆపదు. ఫోమ్ రోలర్, మెత్తటి బ్రష్ చాలు. వీటికి కూడా సేంద్రియ ఆవిరిని పట్టే కార్ట్రిడ్జ్ మాస్కు, నైట్రైల్ గ్లవ్స్ ఉండాలి.

ఇద్దరు కావాలి. ఒకరు అరమీటరు వెడల్పు పట్టీ చొప్పున రోలర్‌తో పలుచగా పరుస్తూ వెళ్ళాలి. రెండోవారు వెనకే పొడి బ్రష్ కొసతో, బరువు వేయకుండా, కింది నుంచి పైకి ఒక్క గీటు. గీటిన చోటికి మళ్ళీ వెళ్ళకూడదు. తడి అంచు ఆరేలోపు పక్క పట్టీ కలవాలి కాబట్టి ఒక పక్క మొదలుపెడితే మధ్యలో ఫోను, టీ ఏవీ వద్దు. కంపెనీ చెప్పిన నెమ్మది థిన్నర్ 5 నుంచి 10 శాతం. రోజుకో పూత, మధ్యలో 320 తడి కాగితంతో తేలికగా రుద్దడం.

రంగు జారి తెరలు కడితే పూత మందం ఎక్కువైనట్టు. నారింజ తొక్కలా గరుకుగా వస్తే థిన్నర్ చాలలేదు, లేదా ఒళ్ళు బాగా వేడెక్కింది. సూదిమొన బుడగలు కింది పూత ఆరకముందే తొందరపడ్డ గుర్తు. చేపకళ్ళు కనిపిస్తే అక్కడే ఆపేయండి, పైన ఇంకా పూస్తే మూసుకోవు. ఆరాక రుద్ది, మైనం తీసే ద్రావకంతో కడిగి మళ్ళీ మొదలుపెట్టాలి.

నిలబడే చోట నేల మీద తడి రంగుపై జల్లెడతో సన్నటి సిలికా ఇసుక సమంగా చల్లి, ఆరాక అంటనిది ఊడ్చి, పైన ఇంకో పూత వేయండి. తడి కాలు జారదు.

ఇంజిన్, వైర్లు

నీటి పంపు ఇంపెల్లర్‌ను (లోపల తిరిగే రబ్బరు చక్రాన్ని) ఎలా ఉన్నా మార్చండి. గేరు ఆయిల్ కింది మర విప్పినప్పుడు పాలటీలా వస్తే సీలు పోయింది, నూనె మార్చి ఊరుకుంటే గేర్లు తుప్పుపడతాయి. పెట్రోలులో ఇప్పుడు ఇథనాల్ ఉంటోంది. అది తేమను లాగి ట్యాంకు అడుగున నీరుగా విడిపోతుంది, పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది. కొత్త గొట్టాలు, నీరు వేరుచేసే 10 మైక్రాన్ల ఫిల్టర్ పెట్టండి. టూ స్ట్రోక్ ఇంజిన్‌కు పుస్తకం 50:1 అని చెబితే లీటరుకు 20 మిల్లీలీటర్ల టీసీ-డబ్ల్యూ3 (అవుట్‌బోర్డ్ ఇంజిన్ల కోసం చేసిన) నూనె. బైక్ టూటీ ఆయిల్ వద్దు.

ఇంజిన్ కాలు అల్యూమినియం, దానికి రాగి ఉన్న గుల్లల రంగు తగిలితే తినేస్తుంది. ఇంజిన్ బదులు తామే తుప్పుకు అరిగే జింక్ దిమ్మెలకు ఏ రంగూ పూయకండి, సగం అరిగితే మార్చండి. వైర్లు తగరం పూసిన రాగివే వాడి, ఫ్యూజును బ్యాటరీకి జానెడు దూరంలోపే పెట్టండి. బిల్జి పంపుకు (బోటు అడుగున చేరిన నీరు తోడేది) మెయిన్ స్విచ్‌తో సంబంధం లేకుండా, విడి ఫ్యూజుతో నేరుగా బ్యాటరీ లైను. మరలు, బోల్టులు ఎస్ఎస్ 316 అని అడగండి. స్టీలు అనగానే చేతిలో పెట్టేది ఎక్కువగా 304, ఉప్పునీటికి గోధుమ మరకలు కారుతుంది. అయస్కాంతంతో ఈ రెండింటికీ తేడా తెలియదు, బిల్లు మీద రాయించుకోండి.

దించే ముందు

చివరి పూత తర్వాత నీళ్ళలోకి దించడానికి వారం నుంచి పది రోజులు ఆగండి. ముందుగా అడుగు కన్నం బిరడా పెట్టి, బోటు ట్రైలర్ మీద ఉండగానే లోపల నాలుగు బకెట్ల నీళ్ళు పోసి కింద ఎక్కడైనా చెమ్మ కడుతుందేమో చూడండి. లీకు ఉంటే ఒడ్డునే తెలుస్తుంది. పంపు, నీరు చేరగానే దాన్ని నడిపే ఫ్లోట్ స్విచ్ పరీక్ష కూడా అప్పుడే అయిపోతుంది. లైఫ్ జాకెట్లు ఎంతమంది ఉంటే అన్ని. కోస్ట్‌గార్డ్ నంబరు 1554 డ్యాష్‌బోర్డు మీద రాయించండి. హార్బర్ ముఖద్వారం దగ్గర నౌకాదళం, పోర్టు పరిధులు దాటకుండా మార్గం ముందే అడిగి తెలుసుకోండి.

మొదటి ప్రయాణం గంటకు మించకుండా, తీరం కనబడే దూరంలోనే. తిరిగి రాగానే ఇంజిన్‌కు పది నిమిషాలు మంచినీరు పట్టించి, ట్రాన్సమ్ బోల్టులు నాలుగూ మళ్ళీ బిగించి చూడండి. కొత్త సీలెంట్ అణగడంతో అవి కొద్దిగా వదులవుతాయి. కొత్త రంగుకు మొదటి నెల మంచినీటి కడుగుడు ఒక్కటే, సబ్బు పొడి గానీ పాలిష్ గానీ తాకనివ్వకండి.